ఆహ్వానాలు అందుతున్నాయి, సంపాదకుడి ఉత్తరం అందడం లేదు: ఒక మెయిల్ సర్వర్ కేసు

విజయవాడలో పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థకు సొంత మెయిల్ సర్వర్ ఉంది. అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్ మీద డెబియన్ 12 లినక్స్, అందులో ఉత్తరాలు పంపడానికీ అందుకోవడానికీ పోస్ట్‌ఫిక్స్ 3.7, వెళ్లే ఉత్తరాల మీద డిజిటల్ సంతకాలకు ఓపెన్‌డీకిమ్, మెయిల్ పెట్టెలకు డవ్‌కాట్. రోజువారీ ఉత్తరప్రత్యుత్తరాలతో పాటు నెలకోసారి చందాదారులందరికీ సంపాదకుడి ఉత్తరం వెళుతుంది. ఉత్తరం అన్నది పేరుకే, అది రెండు మూడు పేజీల వ్యాసం. మధ్యమధ్యలో పుస్తకావిష్కరణల ఆహ్వానాలు వెళుతుంటాయి. చందాదారుల్లో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లు. చదువుకోవడానికి అమెరికా వెళ్లి అక్కడే స్థిరపడినవాళ్లు కూడా చెప్పుకోదగినంత మంది ఉన్నారు. చిక్కంతా వాళ్ల దగ్గరే వచ్చింది.

నా దగ్గరికి వచ్చేసరికే ఈ కేసుకు రోగనిర్ధారణ జరిగిపోయింది. 'మన ఐపీ చిరునామా బ్లాక్‌లిస్టులో (స్పామ్ పంపేవాళ్ల జాబితాలో) పడింది' అని అంతకు ముందు చూసిన వ్యక్తి తేల్చేశాడు. ఐపీ మార్చాడు. అప్పటికీ కుదరకపోతే సర్వర్‌నే మరో కంపెనీకి తరలించాడు. ఫలితం లేదు. మెయిల్ వెళ్లకపోతే ముందుగా ఐపీ మీద నెపం వేయడం మా వృత్తిలో పాత జాడ్యం. ఐపీ మారిస్తే పాత చెడ్డపేరు పోతుందనుకుంటారు కానీ, అంతవరకు కూడబెట్టుకున్న మంచిపేరు కూడా దాంతోనే పోతుంది. కొత్త చిరునామాను పెద్ద మెయిల్ సంస్థలన్నీ ముక్కూమొహం తెలియనివాడిని చూసినట్టే చూస్తాయి. లక్షణం ఏమిటో తెలియకుండా ఇల్లు మారడం వైద్యం కాదు.

సంపాదకుడు విశ్రాంత అధ్యాపకుడు. ఆఫీసులో అందరూ మాస్టారు అంటారు. సర్వర్ పాస్‌వర్డ్ అడగడానికి ముందే ఆయనకు ఫోను చేశాను.

'బాబూ, ఆహ్వానాలు అందరికీ అందుతున్నాయి. నా ఉత్తరమే అమెరికాలో కొందరికి అందడం లేదు. అందరికీ కాదు, కొందరికే.'

'ఇంగ్లీషులో పంపేవి ఎలా ఉన్నాయి, మాస్టారూ?'

'అవి భేషుగ్గా వెళుతున్నాయి. మీ యంత్రానికి తెలుగు అంటేనే పడటం లేదు.'

ఆయన వెటకారానికే అన్నారు. నేను మాత్రం దాన్ని అక్షరాలా రాసుకున్నాను. ఐపీ మీద చెడ్డపేరు ఉంటే అది ఆహ్వానానికీ వ్యాసానికీ తేడా చూడదు, తెలుగుకూ ఇంగ్లీషుకూ అసలే చూడదు. పంపిన యంత్రం ఒకటే, అందుకునేవాళ్లు వాళ్లే, ఉత్తరాన్ని బట్టి ఫలితం మారుతోంది. అంటే లోపం దారిలో కాకుండా ఉత్తరంలోనే ఉండాలి.

మామూలు పరీక్షలు

అలా అనుకున్నా, మామూలు పరీక్షలు మానకూడదు. ఇంటర్నెట్ పేర్ల పట్టిక అయిన డీఎన్‌ఎస్‌లో సర్వర్ ఐపీకి పీటీఆర్ రికార్డు (ఐపీ నుంచి పేరు చెప్పేది) ఉంది, అది చెప్పే పేరుకు ముందువైపు రికార్డు (పేరు నుంచి ఐపీ చెప్పేది) కూడా అదే ఐపీని చూపుతోంది, పోస్ట్‌ఫిక్స్ పలకరింపులో చెప్పుకునే పేరూ అదే. మన పేరు మీద ఏ ఐపీలు ఉత్తరాలు పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో సర్వర్ ఐపీ ఉంది. దాన్ని పరిశీలించడానికి 10 డీఎన్‌ఎస్ ప్రశ్నలు మించకూడదన్న నియమాన్ని అది ఎక్కడా దాటలేదు. ఉత్తరం దారిలో మారలేదని చూపే డిజిటల్ సంతకం డీకిమ్, దాని తాళం 2048 బిట్లది. ఇలాంటి పొడవాటి తాళాలను డీఎన్‌ఎస్‌లో పెట్టేటప్పుడు 255 అక్షరాలకు ఒక ముక్క చొప్పున విడగొట్టాలి, అక్కడ తప్పు చేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఇక్కడ సరిగానే ఉంది. ఈ రెంటి ఆధారంగా అవతలి సర్వర్లు ఏం చేయాలో చెప్పే డీమార్క్ విధానం మాత్రం 'రిజెక్ట్' అని ఉంది. పరీక్షలో తప్పిన ఉత్తరాన్ని లోపలికి రానివ్వవద్దని ప్రపంచానికి మనమే చెబుతున్నామన్నమాట. దీన్ని గుర్తు పెట్టుకున్నాను.

బ్లాక్‌లిస్టు సంగతి కూడా ఇక్కడే తేలిపోయింది. ముందున్న వ్యక్తి వదిలివెళ్లిన చిన్న స్క్రిప్టు ఒకటి స్పామ్‌హాస్ అనే సంస్థ బ్లాక్‌లిస్టును గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్ 8.8.8.8 ద్వారా అడుగుతోంది. అందరూ వాడుకునే అలాంటి డీఎన్‌ఎస్ సర్వర్ల నుంచి వచ్చే ప్రశ్నలకు స్పామ్‌హాస్ అసలు సమాధానం ఇవ్వదు. 127.255.255.254 అనే సంకేతం పంపి ఊరుకుంటుంది. 'నువ్వు అడిగే తీరు సరిగా లేదు' అని దాని భావం. నిజంగా జాబితాలో ఉంటే 127.0.0.2 లాంటి సంఖ్య వస్తుంది. స్క్రిప్టుకు ఈ తేడా తెలియదు, ఏ జవాబు వచ్చినా 'జాబితాలో ఉంది' అని ఎర్రరంగులో రాసేస్తుంది. సర్వర్‌లోనే ఒక డీఎన్‌ఎస్ రిజాల్వర్ నడిపి దాని ద్వారా అడిగితే జాబితాలో మన జాడే లేదు. ఇల్లు మారడానికి కారణమైన ఆ ఎర్రగీత అసలు జవాబే కాదు.

మకాం మార్పు మరో కొత్త జబ్బును తెచ్చిపెట్టింది. కొత్త సర్వర్‌కు ఐపీవీ6 అనే కొత్త తరహా ఐపీ చిరునామా కూడా వచ్చింది. దానికి పీటీఆర్ లేదు, ఎస్‌పీఎఫ్‌లో దాని ఊసే లేదు. ఐపీవీ6 ద్వారా వచ్చే ఉత్తరాలకు పీటీఆర్ ఉండి తీరాలని జీమెయిల్ పట్టుబడుతుంది. అందుకే సర్వర్ తన పనులు నమోదు చేసే లాగ్‌లో అక్కడక్కడా 550 5.7.1 అనే తిరస్కారాలు కనిపించాయి. పోస్ట్‌ఫిక్స్‌ను ఐపీవీ4కే పరిమితం చేస్తే అవి ఆగిపోయాయి. అసలు ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. దారిలో కనిపించిన ప్రతి తప్పునూ కారణం అనుకోకూడదు కాబట్టి దీన్ని వేరే కాగితం మీద రాసి పక్కన పెట్టాను.

లాగ్ 'పంపాను' అంటుంది

ఉత్తరం అందలేదన్న అయిదారుగురి చిరునామాలు మాస్టారు పంపారు. లాగ్‌లో వెతికితే ప్రతి ఒక్కరి పేరు ఎదుటా 'సెంట్' అనే ఉంది, అవతలి సర్వర్ ఇచ్చిన 250 అంగీకారంతో సహా. మా వైపు నుంచి చూస్తే ఉత్తరం చేరినట్టే లెక్క. ఇక్కడే చాలామంది చేతులు ఎత్తేసి 'స్పామ్ ఫోల్డర్ చూసుకోమనండి' అంటారు.

250 అన్న జవాబుకు అర్థం 'ఈ ఉత్తరం బాధ్యత ఇక నాది' అని మాత్రమే, మనిషి చేతికి అందిందని కాదు. ఆ చిరునామాలను కాస్త పరీక్షగా చూస్తే అన్నీ ఒక కోవలోవే: అమెరికా విశ్వవిద్యాలయాలు తమ పూర్వ విద్యార్థులకు ఇచ్చే చిరునామాలు. ఇలాంటి చిరునామాల వెనక చాలాసార్లు సొంత పెట్టె ఉండదు. వచ్చిన ఉత్తరాన్ని విశ్వవిద్యాలయం సర్వర్ ఆ వ్యక్తి జీమెయిల్‌కో మరోదానికో ఫార్వర్డ్ చేస్తుంది. మన నుంచి తీసుకున్నప్పుడు 250 అంటుంది. తర్వాత జీమెయిల్ దాన్ని కాదంటే, ఆ తిరస్కారం ఉత్తరం కవరు మీద పంపినవారి చిరునామాగా ఉన్నచోటికి తిరిగి వస్తుంది.

మరి ఆ కవరు చిరునామా ఎవరిది? బౌన్సుల (తిరిగివచ్చే తిరస్కారాల) కోసమే ఎవరో ఎప్పుడో సృష్టించిన ఒక పెట్టె అది. దాని పాస్‌వర్డ్ ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెరిచి చూస్తే సెలవులో ఉన్నవాళ్ల ఆటోమేటిక్ జవాబుల కింద, చదివినవాడు లేక, కావలసినవన్నీ ఉన్నాయి. జీమెయిల్ ఇచ్చిన సంకేతం 550 5.7.26. పంపిన డొమైన్ పెట్టుకున్న డీమార్క్ విధానం ప్రకారం ఈ ఉత్తరాన్ని తీసుకోవడం లేదని దాని సారాంశం. తేదీలు సరిచూస్తే అన్నీ సంపాదకుడి ఉత్తరం వెళ్లిన రోజులే. ఆహ్వానాలు వెళ్లిన రోజున ఒక్కటీ లేదు.

డీమార్క్ గట్టెక్కాలంటే రెండు దారుల్లో ఒకటైనా తెరిచి ఉండాలి. ఎస్‌పీఎఫ్ మన డొమైన్ పేరు మీద నెగ్గాలి, లేదా డీకిమ్ సంతకం మన డొమైన్ పేరు మీద నెగ్గాలి. ఫార్వర్డ్ అయినప్పుడు మొదటి దారి మూసుకుపోవడం మామూలే. జీమెయిల్ తలుపు తట్టేది విశ్వవిద్యాలయం ఐపీ, అది మన ఎస్‌పీఎఫ్‌లో ఉండదు. ఆ సర్వర్ కవరు చిరునామాను తనదిగా మార్చి పంపినా ఎస్‌పీఎఫ్ నెగ్గేది దాని పేరు మీదే, మన పేరు మీద కాదు. మిగిలింది డీకిమ్. ఉత్తరంలోని విషయం మారనంతవరకు ఆ సంతకం ఎన్ని చేతులు మారినా చెల్లుతుంది. ఆహ్వానాలు అదే విశ్వవిద్యాలయం మీదుగా క్షేమంగా వెళుతున్నాయి కాబట్టి అక్కడ ఎవరూ ఉత్తరాన్ని కెలకడం లేదు. అయితే సంపాదకుడి ఉత్తరానికే సంతకం ఎందుకు చెడుతోంది?

వజ్రంలో ప్రశ్నార్థకం

మాస్టారి చివరి ఉత్తరాన్ని మార్పేమీ చేయకుండా నా సొంత జీమెయిల్‌కు నేరుగా పంపాను. వచ్చింది, ఇన్‌బాక్స్‌లోనే పడింది. 'షో ఒరిజినల్' నొక్కి హెడర్లు చూస్తే ఎస్‌పీఎఫ్ నెగ్గింది, డీమార్క్ నెగ్గింది, డీకిమ్ దగ్గర మాత్రం బాడీ హ్యాష్ (ఉత్తరంలోని విషయం నుంచి లెక్కగట్టే ముద్ర) సరిపోలలేదని ఉంది. మధ్యలో విశ్వవిద్యాలయం లేదు, ఎవరూ లేరు. అయినా సంతకం చెల్లలేదు. నేరుగా అందుకునేవాళ్లను ఎస్‌పీఎఫ్ ఒంటిచేత్తో గట్టెక్కిస్తోంది కాబట్టి ఇన్నాళ్లూ ఈ లోపం ఎవరి కంటా పడలేదు.

ఉత్తరాన్ని చదవడం మొదలుపెట్టాను. రెండో పేరాలో 'గ్రంథాలయం' అన్న మాట దగ్గర ఆగిపోయాను. 'గ్రం' వరకు బాగానే ఉంది. 'థ' ఉండవలసిన చోట నల్లని వజ్రంలో తెల్లని ప్రశ్నార్థకం, ఒక ఖాళీ, మళ్లీ ప్రశ్నార్థకం. ఆ వెనక ఆసరా పోయిన దీర్ఘం చుక్కల సున్నా పట్టుకుని వేలాడుతోంది. మూడో పేరాలోనూ అలాంటిదే ఒకటి, నాలుగో పేరాలో ఒకటి. మాస్టారికి చెబితే ఆశ్చర్యపోలేదు. 'అచ్చుతప్పులు వస్తున్నాయని చాలామంది రాశారు బాబూ. ఫాంటు గొడవ అనుకున్నాం' అన్నారు.

ఫాంటు గొడవైతే ఆ మాట ఎక్కడ వచ్చినా చెడాలి. ఇక్కడ పేరాకు ఒకటి రెండు చోట్ల మాత్రమే, అదీ పేరా మొదలై కొంత దూరం నడిచాకే చెడుతోంది. ఉత్తరాన్ని మళ్లీ పంపి, ఈసారి బయటికి పోకుండా క్యూలోనే (పంపే ముందు ఉత్తరాలు వేచి ఉండే చోటే) నిలిపి ఉంచి, పోస్ట్‌క్యాట్ ఆదేశంతో దాని అసలు రూపం తీసుకున్నాను. జీమెయిల్‌లో దిగిన రూపాన్ని పక్కన పెట్టి రెంటినీ పోల్చాను. క్యూలో ఉన్న ప్రతిలో ఒక పేరా అంతా ఒకే ఒక పొడవాటి వరుస. చేరిన ప్రతిలో అదే పేరా ముక్కలై ఉంది. మొదటి ముక్క సరిగ్గా 998 బైట్లు, ఆ తర్వాత ఒక కొత్త వరుస, దాని మొదట్లో ఒక ఖాళీ.

ఆ 998 ఎక్కడిదో మెయిల్ సర్వర్లు నడిపేవాళ్లకు తెలిసే ఉంటుంది. 1982లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 821 అనే ప్రమాణం కాలం నుంచీ ఎస్‌ఎంటీపీలో, అంటే సర్వర్లు మెయిల్ పంపుకునే పద్ధతిలో, ఒక వరుస, చివరనుండే రెండు బైట్ల వరుస ముగింపుతో కలిపి, 1000 దాటకూడదన్న లెక్క ఉంది. ఆ రెండూ తీసేస్తే 998. అంతకంటే పొడవైన వరుస ఎదురైతే పోస్ట్‌ఫిక్స్ బయటికి పంపేటప్పుడు దాన్ని అక్కడికక్కడే తెంపి, కొత్త వరుసను, ఒక ఖాళీని చేరుస్తుంది. ఇది దాచిన రహస్యమేమీ కాదు, పోస్ట్‌ఫిక్స్ పత్రాల్లో ఈ పరిమితి పేరుతో సహా రాసి ఉంది. చిక్కు ఎక్కడంటే, ఓపెన్‌డీకిమ్ సంతకం చేసేది ఉత్తరం క్యూలోకి వచ్చేటప్పుడు, పోస్ట్‌ఫిక్స్ వరుస తెంపేది క్యూ నుంచి వెళ్లేటప్పుడు. సంతకం పడ్డ పత్రం ఒకటి, గడప దాటిన పత్రం ఇంకొకటి. డీకిమ్‌లో 'రిలాక్స్‌డ్' పద్ధతి వాడుతున్నాం కదా అనుకోవచ్చు. అది వరుసలోని ఖాళీల ఎక్కువతక్కువలను మన్నిస్తుంది, కొత్తగా పుట్టిన వరుసను మన్నించదు.

మరి ఇంగ్లీషు ఉత్తరాలు ఎలా బతికిపోయాయి? ఇక్కడే మాస్టారి వెటకారం నిజమైంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు బైట్లు కావాలి, పైగా కంటికి ఒక అక్షరంగా కనిపించేది లోపల రెండు మూడు సంకేతాలు. 'పుస్తకం' తీసుకోండి. కంటికి మూడు అక్షరాలే. లోపల ప, ఉకారం, స, పొల్లు, త, క, సున్న: మొత్తం ఏడు సంకేతాలు, 21 బైట్లు. పక్కనుండే ఖాళీతో కలిపి 22. ఇలాంటి మాటలు 45 అయ్యేసరికి 990 బైట్లు నిండిపోతాయి. 46వ మాట మధ్యలో కత్తి పడుతుంది. నాలుగక్షరాల ఇంగ్లీషు మాటలైతే దాదాపు 200 వరకు పడతాయి, అంత పొడవైన పేరా ఇంగ్లీషులో అరుదు. ఆహ్వానంలో ఉండేవి తేదీ, వేదిక, వక్తల పేర్లు, అన్నీ పొట్టి వరుసలు. వ్యాసం రాయడం తెలిసినవారెవరైనా తెలుగులో 45 మాటలకు పేరా ముగించరు. మాస్టారు అసలే ముగించరు.

కత్తి పడేది బైట్లు లెక్కపెట్టి, అక్షరాలు చూసి కాదు. ఒక సంకేతంలోని మూడు బైట్లలో రెండు వరుసకు ఇటు, ఒకటి అటు పడితే రెండు ముక్కలకూ అర్థం ఉండదు. ఆ 'థ'కు పట్టిన గతి అదే.

కొన్ని నెలల కిందటి వరకు ఏ ఇబ్బందీ లేదంటే దానికీ కారణం దొరికింది. అప్పట్లో ఉత్తరాన్ని వరుస వరుసకూ ఎంటర్ కొట్టి టైపు చేసేవారట. తర్వాత బ్రౌజర్‌లో నడిచే కొత్త ఎడిటర్ పెట్టుకున్నారు. అది పేరా మొత్తాన్ని హెచ్‌టీఎంఎల్‌లో ఒకే వరుసగా ఇస్తుంది. దాదాపు అదే కాలంలో ఎవరో చెప్పారని డీమార్క్‌ను 'రిజెక్ట్'కు మార్చారు. విడివిడిగా చూస్తే రెండూ తప్పులు కావు. ఒకటే జరిగి ఉంటే ఉత్తరాలు ఎలాగోలా చేరేవి.

మందు

మాస్టారి కొత్త ఉత్తరం ఆ వారమే వెళ్లాలి. అందుకని ముందుగా డీమార్క్ విధానాన్ని 'నన్'కు (తప్పినా ఏమీ చేయవద్దు అనేదానికి) దించి, పాత రికార్డు గడువు తీరేవరకు ఆగి పంపించాం. అందింది, ప్రశ్నార్థకాలతో సహా. అసలు మందుకు మూడు మార్గాలు కనిపించాయి. పోస్ట్‌ఫిక్స్‌లో ఆ 998 పరిమితిని పెంచవచ్చు. అలా చేస్తే పొడవాటి వరుసను అవతలి సర్వర్లు తీసుకుంటాయన్న హామీ లేదు, మన తద్దినాన్ని వాళ్ల నెత్తిన పెట్టినట్టవుతుంది. ఎడిటర్ చేత వరుసలు విరిపించవచ్చు. రేపు ఎడిటర్ మారితే మళ్లీ కథ మొదటికొస్తుంది. మూడోది, ఉత్తరాన్ని తయారుచేసే ప్రోగ్రాంలోనే విషయాన్ని బేస్64లోకి, అంటే మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెల రూపంలోకి మార్చి పంపడం. నేను దీన్నే ఎంచుకున్నాను.

ఆ ప్రోగ్రాం పీహెచ్‌పీలో ఎవరో ఏనాడో రాసింది. ఉత్తరం 8బిట్ రూపంలో (బైట్లన్నీ యథాతథంగా) ఉందని హెడర్‌లో రాసి, హెచ్‌టీఎంఎల్‌ను ఉన్నదున్నట్టు పోస్ట్‌ఫిక్స్ సెండ్‌మెయిల్ ఆదేశానికి అప్పగిస్తుంది. హెడర్‌లో 8బిట్ అన్న మాట తీసి బేస్64 అని రాశాను. విషయాన్ని బేస్64లోకి మార్చి 76 అక్షరాలకు ఒక వరుసగా కోసే రెండు ఫంక్షన్లు పీహెచ్‌పీలో సిద్ధంగానే ఉన్నాయి. మారింది రెండే వరుసలు. ఇక ఉత్తరంలో ఏ వరుసా 76 దాటదు, మూడు బైట్ల అక్షరాలన్నవే బయటికి కనిపించవు.

క్వోటెడ్-ప్రింటబుల్ అనే మరో పద్ధతి వాడవచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. ఇంగ్లీషు మధ్యలో ఒకటి రెండు వింత అక్షరాలు వచ్చేచోట అది బాగుంటుంది. తెలుగుకు పనికిరాదనను కానీ దండగ. ప్రతి బైటుకూ మూడు అక్షరాలు తింటుంది. 21 బైట్ల 'పుస్తకం' అందులో 63 అవుతుంది, బేస్64లో 28తో సరిపోతుంది.

బేస్64తో మరో గండం కూడా తప్పింది. ఇప్పటికీ కొన్ని పాత స్పామ్ వడపోత యంత్రాలు 8బిట్ ఉత్తరాలు తీసుకుంటామని ప్రకటించవు. అలాంటివి ఎదురైతే పోస్ట్‌ఫిక్స్ దారిలోనే ఉత్తరాన్ని క్వోటెడ్-ప్రింటబుల్‌లోకి మారుస్తుంది, సంతకం మళ్లీ చెడుతుంది. సంతకం చేసే ముందే ఉత్తరాన్ని 7బిట్ రూపంలోకి, అంటే బేస్64 లాంటిదానిలోకి తెచ్చుకోమని డీకిమ్ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 6376 చెప్పేది ఇందుకే. పోస్ట్‌ఫిక్స్ 3.9 నుంచి ఈ పనిని సర్వరే చేసే సదుపాయం వచ్చింది. 'ఫోర్స్_మైమ్_ఇన్‌పుట్_కన్వర్షన్' అన్న అమరికను 'ఎస్' చేస్తే, 8బిట్ అని చెప్పుకుంటూ వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ మిల్టర్ల (ఓపెన్‌డీకిమ్ లాంటి తోడు ప్రోగ్రాంల) దాకా వెళ్లకముందే అది మార్చేస్తుంది. ఇక్కడున్నది 3.7 కాబట్టి ఆ వీలు లేదు. డెబియన్‌ను పై వెర్షన్‌కు మార్చినప్పుడు దీన్ని కూడా పెట్టమని రాసిచ్చాను. ఆఫీసువాళ్లు తమ మెయిల్ ప్రోగ్రాంల నుంచి పంపే ఉత్తరాలకు అది కాపలా ఉంటుంది.

మార్పు చేశాక అదే ఉత్తరాన్ని మళ్లీ నా పెట్టెకు పంపుకుంటే డీకిమ్ నెగ్గింది, 'గ్రంథాలయం' పూర్తిగా వచ్చింది. ఆ ఒక్క పరీక్షతో తృప్తిపడలేం. ఫార్వర్డ్ అయ్యే దారి మన చేతిలో లేదు, దాన్ని చూపించేవి డీమార్క్ నివేదికలే. పెద్ద మెయిల్ సంస్థలు రోజుకొకసారి ఎక్స్‌ఎంఎల్ ఫైలును జిప్ చేసి పంపుతాయి: ఏ ఐపీ నుంచి మన పేరు మీద ఎన్ని ఉత్తరాలు వచ్చాయి, ఎస్‌పీఎఫ్, డీకిమ్ నెగ్గాయా లేదా అని. పాతవి విప్పి చూస్తే రోగం అంతా అందులోనే ఉంది. విశ్వవిద్యాలయాల ఐపీల వరుసల్లో, ఆ ఉత్తరం వెళ్లిన రోజుల్లో, రెండు గళ్లలోనూ 'ఫెయిల్'. మార్పు తర్వాతి ఉత్తరానికి అవే ఐపీల దగ్గర ఎస్‌పీఎఫ్ 'ఫెయిల్' గానే ఉంది, అది ఎప్పటికీ అంతే. డీకిమ్ గడిలో 'పాస్' వచ్చింది.

బౌన్సుల పెట్టె పాస్‌వర్డ్ మార్చి, అందులోకి వచ్చేవి ఆఫీసులో ఒకరికి రోజూ కనిపించేలా ఏర్పాటు చేశాం. డీమార్క్ విధానాన్ని ప్రస్తుతానికి 'క్వారంటైన్' (తప్పితే స్పామ్‌లో వేయమని) వరకే పెంచాను, ఇంకొన్ని ఉత్తరాల నివేదికలు చూశాక 'రిజెక్ట్' సంగతి ఆలోచిస్తాం. నివేదికల్లో ఒకటి రెండు ఐపీల దగ్గర డీకిమ్ ఇంకా తప్పుతోంది. ఆరా తీస్తే అవి ఫార్వర్డ్ చేసేటప్పుడు ఉత్తరం అడుగున తమ ప్రకటన ఒకటి అంటించే సర్వర్లు. దానికి మన వైపు మందు లేదు. ఆ చందాదారులకు మాస్టారే ఫోను చేసి, నేరుగా అందే చిరునామా ఇవ్వమని అడుగుతున్నారు.